తలూపితే కుదరదు

"తల అటూ ఇటూ ఊపితే ఏమనుకోమంటారు? ఔననా, కాదనా, మెడ పట్టేసిందనా?"

హైమ అలా అడిగేసరికి స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసంతా గొల్లుమంది. భానుప్రసాద్ మళ్ళీ తలే ఊపాడు.

మోర్తాడ్ పసుపు రైతు కొడుకతను. విదేశీ సరుకు ఓడ మీద ఏడాది పాటు తుప్పు గీకి, రంగులేసి వచ్చాడు. నడి సముద్రంలో తుపానుకు బెదరని మనిషి, నిజామాబాద్‌లో ఒక టీచరమ్మ ముందు మొదటి రోజే పరువు పోగొట్టుకున్నాడు.

క్లాసయ్యాక వాన పట్టుకుంది. మెట్ల కింద ఇద్దరే మిగిలారు.

"ఓడ మీద పనికి ఇంగ్లిష్ ఎందుకండీ?" అంది హైమ.

"చుక్కాని పట్టే నౌకరికి ఇంటర్వ్యూ ఇచ్చిన మేడం. కెప్టెన్ ఏదడిగినా తలూపిన. ఆయనకు సమజ్ గాలె. ఆ జాగ ఫిలిప్పీన్స్ పిలగానికి పోయింది."

"వాళ్ళలో ఏముందట అంత?"

"దునియాల ఏ ఓడ సూసినా వాళ్ళే. కెప్టెన్ 'ఎడమకు పది' అంటే, గదే మాట గట్టిగ తిరిగి చెప్పి అప్పుడు తిప్పుతరు. ఇన్నడో లేదో అనే డౌటే ఉండది. మా ఓడల రోమెల్ అని మనీలా అన్న ఉండె, ఇరవై ఏండ్ల సర్వీసు. అయినా సెలవులల్ల కొత్త కోర్సులు చేస్తడు. ఎందుకన్నా అంటే, 'నా ఎనక నువ్వొస్తున్నవ్ గద' అంటడు. నెల దినాలల్ల నాకు ఇంకో ఇంటర్వ్యూ ఉంది. గిది గూడ పోతే మళ్ల పిలువరు."

ఆ మాటతో హైమ వెక్కిరింత మానేసింది. మర్నాటి నుంచి తనే కెప్టెన్ అయి, ఇంగ్లిష్‌లో ఆర్డర్లు వేయసాగింది.

"చాక్‌పీస్ తెండి."

"చాక్‌పీస్ తెండి!" అని అరిచి మరీ తెచ్చేవాడు భాను.

"టీ తాగుదామా?"

"టీ తాగుదామా!"

"అది ఆర్డర్ కాదండీ బాబూ, ప్రశ్న!"

నెల తిరిగేసరికి అతనికి ఇంగ్లిష్ వచ్చింది. ప్రేమ కూడా వచ్చింది. రెండోది ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఇంటర్వ్యూకి ముందురోజు హైమ కిటికీలోంచి వాన చూస్తూ అంది. "ఆదివారం నన్ను చూడ్డానికి పెళ్ళివారొస్తామంటున్నారు. రమ్మనమంటారా?"

వద్దని చెప్పాలని భానుకు గుండె నిండా ఉంది. తల మాత్రం అటూ ఇటూ ఊగింది.

"సరే అన్నమాట," అని హైమ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు వీడియో కాల్‌లో కెప్టెన్ అడిగిన ప్రతిదానికీ భాను తడబడకుండా, గట్టిగా బదులిచ్చాడు. నౌకరి వచ్చింది. సంతోషం రాలేదు. ఎక్కడో ఉన్న కెప్టెన్‌కు అంత చక్కగా చెప్పినవాడు, ఎదురుగా ఉన్న పిల్లకు ఒక్క మాట చెప్పలేకపోయాడని తన మీద తనకే మండింది. ఆదివారం పొద్దున్నే హైమ వాళ్ళ ఊరు బోధన్‌కు బస్సెక్కాడు.

హైమ తండ్రి రాజేంద్రప్రసాద్ వాకిట్లో కుర్చీలు వేస్తున్నాడు.

"సార్, పెళ్ళోళ్ళను రావద్దని చెప్పుండ్రి. హైమ మేడమంటే నాకు పానం. నేను చేస్కుంట," అన్నాడు భాను ఒక్క గుక్కలో. తన పేరూ ఊరూ పనీ ఆ తర్వాత చెప్పాడు.

రాజేంద్రప్రసాద్ చేతిలో కుర్చీ చేతిలోనే ఉండిపోయింది. "ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీద ఉంటావు. మా పిల్ల ఏం కావాలయ్యా?"

"నాలుగు నెలలు ఇంటికాడనే ఉంట సార్. ఒక్కదినం గూడ అబద్ధం చెప్ప."

ఆయన కుర్చీ కింద పెట్టాడు. "మా తాత కాలవ నీళ్ళు వెతుక్కుంటూ గుంటూరు వదిలి ఇక్కడికొచ్చాడు. బతుకు కోసం పోయేవాణ్ణి నేనేం తప్పు పట్టను," అని గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకిష్టమేనా?"

హైమ తల ఊపింది.

"నోటితోని చెప్పుండ్రి మేడం," అన్నాడు భాను.

"ఇష్టమే నాన్నా!" అంది హైమ, పక్కింటికి వినపడేలా.

"ఇష్టమే నాన్నా!" అని అలవాటు కొద్దీ గట్టిగా అరిచాడు భాను.

రాజేంద్రప్రసాద్ నవ్వాపుకోలేక, అలాగే పెళ్ళివారికి ఫోన్ కలిపాడు.