పదకొండో డాలు

ఆ రోజు బూడిదకొంగ ఓడ నీళ్లలోకి దిగాల్సిన రోజు. ఆ సంగతి పొయ్యికి తెలియదు కాబట్టి అది ఎప్పటిలాగే ఇల్లంతా పొగ పెట్టింది. యోరున్ కళ్లు తుడుచుకుంటూ బార్లీ జావ కలుపుతోంది. పొయ్యి పక్కన గొర్రెతోలు మీద అత్తగారు రన్వెగ్ కూర్చుని ఉంది. ఆవిడకి నడుం పడిపోయి పన్నెండేళ్లయింది. నోరు మాత్రం చెక్కు చెదరలేదు.

"జావలో ఉప్పు వేశావా, కన్నీళ్లతో సరిపెడుతున్నావా?"

"పొగ అత్తా."

"అవునవును. ఓడ దిగే రోజునే నీకు పొగ ఎక్కువవుతుంది."

యోరున్ జావ గిన్నె తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. పెట్టే ముందు చెంచాతో గిన్నె అంచు మీద రెండుసార్లు తట్టింది. ఆ చప్పుడు వచ్చిన వైపుకి ఆమె మొగుడు ఓర్మార్ చెయ్యి చాపి, సరిగ్గా గిన్నె పట్టుకున్నాడు. మూడేళ్లుగా ఆ ఇంట్లో గిన్నెలన్నీ రెండుసార్లు మోగుతున్నాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకుండా చూసుకోవడమే యోరున్ పని.

"ఇంకొక్కసారి అందామా?" అన్నాడు ఓర్మార్, గొంతు తగ్గించి.

"అను."

"ఒకటి, తెల్లడాలు, నల్లకాకి, బ్రోడ్డి. రెండు, పచ్చడాలు, కొమ్ములు..." అతను తడుముకోకుండా చెప్పుకుపోయాడు. "పదకొండు, ఎర్రడాలు, నల్లచేప, ఉల్ఫార్. పన్నెండు, ఎర్రడాలు, నల్ల ఎలుగు, గ్రిమ్మి." అలా ఇరవై రెండు దాకా వచ్చి ఆగాడు. "చివరిది ఆల్డిస్. సరిపోయిందా?"

"సరిపోయింది," అంది యోరున్.

స్కెరిన్ దీవుల్లో చుక్కాని పట్టేవాడికి ఏటా ఒకటే పరీక్ష. ఒడ్డున పాతిన దుంగల మీద ఓడవాళ్ల డాళ్లన్నీ కూర్చునే వరుసలో తగిలిస్తారు. చుక్కానివాడు ముప్పై అడుగుల దూరంలో రాతి మీద నిలబడి, ఒక్కొక్క డాలూ చూసి దాని మనిషిని పేరు పెట్టి పిలవాలి. పిలిచినవాడు "ఉన్నాను" అని డాలు తీసుకుని ఓడెక్కుతాడు. పేరు తప్పితే ఆ మనిషి ఆ ఏడు సముద్రం మీదకి వెళ్లడు. పేర్లు తప్పే చుక్కానివాడి వెంట మాత్రం ఎవడు వెళతాడు? డాలు కనబడనివాడికి బండరాయి కనబడదు కదా.

ఓర్మార్ ఆ రాతి మీద పంతొమ్మిదేళ్లుగా నిలబడుతున్నాడు. చివరి మూడేళ్లూ అతనికి డాళ్లు కనబడలేదు. కళ్లలో పాలపొర లాంటిది పేరుకుపోయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. యోరున్ చలికాలమంతా ఉన్ని వడుకుతూ అతని చేత వరుస వల్లె వేయిస్తుంది. సముద్రం మీద నీటి వాసన, అల ఊపు, చేతిలో చుక్కాని బరువు, వీటితోనే అతను దక్షిణ కోటల దాకా వెళ్లి, కొల్లగొట్టి, తిరిగొచ్చాడు. రెండేళ్లు బాగానే గడిచింది. మూడో ఏడు గడవలేదు.

జావ తాగి ఓర్మార్ గోడ పట్టుకుని గొడ్డలి తెచ్చుకోవడానికి కొట్టంలోకి వెళ్లాడు. అతను అటు వెళ్లాడో లేదో, మోకాళ్ల దాకా తడిసిన బట్టలతో ఆల్డిస్ లోపలికి వచ్చింది. వాళ్లకున్న ఒక్కగానొక్క కూతురు. పోయినేటి దాకా ఓడ ముందుకొన మీద నిలబడి దారి చూపించింది. గాలి హోరులో ముందువాళ్ల అరుపు వెనకకి చేరదు కనక కొనమీది మనిషి చెయ్యెత్తి చూపిస్తుంది. కుడిచెయ్యెత్తితే కుడికి, ఎడమచెయ్యెత్తితే ఎడమకి.

"డాళ్లన్నీ తగిలించేశాను," అంది ఆల్డిస్, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ. "ఉల్ఫార్‌కి భుజం పట్టేసిందట. ఎడమవైపు తెడ్డు వెయ్యలేనన్నాడు. గ్రిమ్మిని వాడి చోట్లోకి మార్చి, వాణ్ణి కుడివైపుకి పంపాను."

యోరున్ చేతిలో గరిటె ఆగిపోయింది. "డాళ్లు కూడా మార్చావా?"

"మనిషి మారితే డాలు మారదా? ఎందుకమ్మా అలా చూస్తావు?" అని కూతురు నడుంలో దోపిన పాత చొక్కా తీసి తల్లి ఒళ్లో పడేసింది. "ఇది చూడు. నువ్వు నాకు కుట్టిన తెల్లచేతులు. మొదటి ఏడు బెత్తెడు కుట్టావు. రెండో ఏడు మోచేతి దాకా. పోయినేడు భుజం దాకా. అప్పుడు నవ్వుకున్నాను, మా అమ్మ నన్ను పెళ్లికూతుర్ని చేస్తోందని."

"దూరానికి బాగా కనబడాలని..."

"ఎవరికి?"

యోరున్ చొక్కా మడతపెట్టింది, మళ్లీ విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"నేను చెయ్యెత్తానమ్మా. రాయి ఇంకా ఓడ పొడుగంత దూరం ఉండగానే ఎత్తాను. వెనక్కి తిరిగి చూస్తే నాన్న నావైపే చూస్తున్నాడు. నావైపే చూస్తూ నేరుగా రాయి మీదకి తోలాడు. ఉల్ఫార్ తమ్ముడి కాలు నుజ్జయింది. ఒడ్డుకొచ్చాక అందరూ నన్ను మత్తుకళ్ల ఆల్డిస్ అన్నారు. నన్ను కొన మీంచి దింపి చివరి తెడ్డు దగ్గర కూర్చోబెడితే, నాన్న సరేనన్నాడు. ఒక్క మాట అడ్డం చెప్పలేదు."

ఆ దీవుల్లో పేరు ఒకసారి అంటుకుంటే వదలదు. మనిషి పోయాక సమాధి రాతి మీద కూడా అదే చెక్కుతారు. పెళ్లి కావలసిన పిల్లకి, పోరాడి పేరు తెచ్చుకోవలసిన పిల్లకి మత్తుకళ్లని పేరుపడితే ఎలా ఉంటుందో యోరున్‌కి తెలియనిది కాదు. తెలిసీ చలికాలమంతా నోరు విప్పలేదు.

"చూడవే," అంది చివరికి. "ఆ చుక్కాని చేతిలోంచి తీసేస్తే మీ నాన్న నెల బతకడు. పొయ్యి పక్కన కూర్చోబెడితే..."

"ఏమవుతుంది?" అని రన్వెగ్ అందుకుంది. "చెప్పు, ఏమవుతుంది? పన్నెండేళ్ల నుంచి కూర్చున్నాను. చచ్చానా? కళ్లు పోయిన కొడుకు నా కడుపున పుట్టినవాడే. గిన్నెలు మోగించి నా దగ్గరే దాచావు, చాలా తెలివైనదానివి!"

"మీకు తెలుసా అత్తా?"

"నడుం పడిపోయింది కాని చెవులు పడిపోలేదు."

ఆల్డిస్ తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, నాన్నని కూర్చోబెట్టకపోతే ఇరవై రెండు మందిమి పోతాం. అందులో నేనూ ఉన్నాను. అందరి ముందూ నేనే చెప్పగలను. చలికాలమంతా చెప్పాలనుకున్నాను. నా నోటితో నాన్న పరువు తియ్యలేకపోయాను. అందుకే నీ దగ్గరకి వచ్చా."

ఒడ్డున కొమ్ము బూర మోగింది. ఓడని తేల్చే పోటు మొదలైందన్నమాట. ఆల్డిస్ లేచి, ముక్కు చీదుకుని వెళ్లిపోయింది.

ఓర్మార్ గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. యోరున్ అతని దుప్పటి సర్ది, భుజం దగ్గర వెండి పిన్ను గుచ్చింది. పిన్ను రెండుసార్లు జారింది. ఇద్దరూ ఒడ్డు దారి పట్టారు. అతని మోచేతికి తన మోచెయ్యి తగిలేలా ఆవిడ పక్కనే నడిచింది. చూసేవాళ్లకి ముచ్చటైన జంటలా ఉంటుంది.

ఒక్క మాట చెబితే చాలు. పదకొండూ పన్నెండూ తారుమారయ్యాయని చెబితే ఆయన రాతి మీద గట్టెక్కుతాడు. ఆ తర్వాత కూతుర్ని ఎక్కించుకుని బండల మధ్యకి వెళతాడు. చెప్పకపోతే ఊరందరి ముందూ నవ్వులపాలవుతాడు. ముప్పైయేళ్లుగా ఆయన గౌరవమే తన గౌరవమనుకుని బతికింది యోరున్. చేపలు ఎండబెట్టే పందిళ్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది.

"ఏమయ్యా, రెండు డాళ్లు చోటు మారాయి."

"ఏవి?" అన్నాడు ఓర్మార్ వెంటనే.

"చెప్పను."

"యోరూ, వేళాకోళానికి ఇదా సమయం? జనం ఎదురుచూస్తున్నారు. ఏవో చెప్పు."

"చెప్పను. మూడేళ్లు నిన్ను నా కొంగు చాటున దాచాను. నీ తప్పు పిల్ల నెత్తిన పడ్డప్పుడు కూడా దాచాను. ఇంక నా వల్ల కాదు." ఆవిడకి కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. అతనికి ఎలాగూ కనబడవు. "తప్పు పిలుస్తావో, ఊహించి ఒప్పు పిలుస్తావో, మరేం చేస్తావో నీ ఇష్టం."

ఓర్మార్ గొడ్డలి భుజం మార్చుకున్నాడు. "నన్ను అందరి ముందూ బట్టలూడదీసి నిలబెడుతున్నావు."

"ఆల్డిస్ చలికాలమంతా అలాగే నిలబడింది."

"అది చిన్నపిల్ల. పేరు మాసిపోతుంది, రెండేళ్లలో ఇంకోటి వస్తుంది అనుకున్నాను..." అతని మాట మధ్యలో ఆగింది. "దానికి తెలుసా?"

"తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు."

ఓర్మార్ ముఖం ఎటో తిప్పుకున్నాడు. తర్వాత ఒక్కడే నడిచాడు. దారి కాళ్లకి తెలుసు. రాయెక్కి జనానికి ఎదురుగా నిలబడ్డాడు. యోరున్ ఆడవాళ్లలో కలిసి, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది.

"బ్రోడ్డి!" అన్నాడు.

"ఉన్నాను!"

రెండోవాణ్ణి పిలిచాడు, మూడోవాణ్ణి పిలిచాడు. గొంతు గట్టిగానే ఉంది. పదోవాడు డాలు తీసుకుని ఓడెక్కాడు. పదకొండో డాలు దగ్గర ఓర్మార్ ఆగాడు. అక్కడ గ్రిమ్మి ఎలుగు ఉందని అందరికీ కనబడుతూనే ఉంది. ఎవరో దగ్గారు. ఎవరో "కానివ్వవయ్యా, పోటు తగ్గిపోతుంది" అన్నారు.

"పదకొండో డాలు నాకు కనబడటం లేదు," అన్నాడు ఓర్మార్.

ఓడెక్కినవాళ్లు తలలు తిప్పి చూశారు.

"పదోదీ కనబడలేదు. మొదటిదీ కనబడలేదు. మూడేళ్ల నుంచి ఏదీ కనబడటం లేదు. బట్టీపట్టి పిలుస్తున్నాను." అతను గొంతు సవరించుకున్నాడు. "పోయినేడు నా కూతురు చెయ్యి సమయానికే ఎత్తింది. చూడనిది నేను. చూడలేదని ఒప్పుకోలేక, దాన్ని మత్తుకళ్లదంటుంటే విని ఊరుకున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను యుద్ధంలో కూడా చెయ్యలేదు."

ఉల్ఫార్ జనంలోంచి ముందుకొచ్చాడు. పట్టేసిన భుజం మీద రెండో చెయ్యి వేసుకుని ఉన్నాడు. "మా తమ్ముడి కాలో?"

"తిరిగి తేలేను. మీ ఇంట్లో మొయ్యాల్సింది ఏముంటే అది నేను మోస్తాను. కళ్లు పోయాయి, చేతులు ఉన్నాయి."

ఉల్ఫార్ అతన్ని ఎగాదిగా చూశాడు. "రేపట్నించి మా తమ్ముడి దగ్గరకి రా. చేపల బుట్టలున్నాయి. పెందలాడే రావాలి మరి," అన్నాడు కటువుగా.

ఓర్మార్ తల ఊపి, రాయి దిగి, "ఆల్డిస్ ఎక్కడ?" అన్నాడు. ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంది. "మిగతావాళ్లని నువ్వు పిలు. వచ్చేవాళ్లు వస్తారు."

చుక్కాని అప్పగించడమంటే అదే. కాని పిలిచినంత మాత్రాన సరిపోదు, వాళ్లు పలకాలి. ఆల్డిస్ రాయెక్కింది.

"గ్రిమ్మి!"

"ఉన్నాను!"

"ఉల్ఫార్!"

ఉల్ఫార్ దుంగ మీదున్న తన నల్లచేపని చూశాడు, ఓడని చూశాడు, ఆ పిల్లని చూశాడు. అతను డాలు చేతిలోకి తీసుకున్నాక అన్నాడు, "ఉన్నాను."

ఆ తర్వాత ఎవరూ ఆలోచించలేదు. ఇరవై ఒకటో డాలు కూడా ఓడెక్కింది. దుంగ మీద ఒకే ఒక్క డాలు మిగిలింది. ఎవరి పేరు వాళ్లు పిలుచుకోకూడదు కాబట్టి ఆల్డిస్ నోరు తెరిచి మూసుకుంది.

ఓర్మార్ దుంగలు పట్టుకుంటూ చివరిదాకా నడిచాడు. డాలు అంచు చుట్టూ బొటనవేలు నడిపించాడు. ఒకచోట సొట్ట తగిలింది. "తొమ్మిదో ఏట చేపలకి పొగపెట్టే కొట్టం కప్పు మీంచి పడేసింది," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "చాలా తిట్టాను. పాపం." డాలు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఒడ్డు చివరిదాకా వినబడేలా పిలిచాడు. "ఓర్మార్ కూతురు ఆల్డిస్!"

అక్కడ పలకవలసింది ఒక్క మాటే. తాతల నాటి నుంచీ అంతే.

"ఉన్నాను నాన్నా," అంది ఆల్డిస్.

బూడిదకొంగ కనుమరుగయ్యే దాకా ఓర్మార్ ఒడ్డునే నిలబడ్డాడు. తెడ్ల చప్పుడు తనకి ఇంకా వినబడుతోందన్నాడు. యోరున్‌కి ఏమీ వినబడలేదు, అయినా ఊ కొట్టింది. ఆ తర్వాత ఇద్దరూ ఇంటికి వచ్చారు. అతను నేరుగా పొయ్యి దగ్గరకి వెళ్లి, "జరగమ్మా," అన్నాడు.

"పన్నెండేళ్లకి తోడు దొరికాడు," అంది రన్వెగ్, గొర్రెతోలు సగం ఇస్తూ. "గురక పెడితే మాత్రం ఊరుకోను."

యోరున్ జావ వేడిచేసి తెచ్చింది. అలవాటుగా చెంచా ఎత్తి, తట్టకుండానే ఆపి, గిన్నె అతని ముందు పెట్టింది.

"యోరూ, గిన్నె ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు ఓర్మార్. మూడేళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ఆవిడ అతని చెయ్యి పట్టుకుని గిన్నె మీద పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేకపోయింది. వెచ్చటి బొట్టు ఒకటి అతని మణికట్టు మీద పడింది.

"ఏడుస్తున్నావా?"

కోడలి బదులు అత్తగారే జవాబు చెప్పింది.

"పొగ లేరా," అంది రన్వెగ్. "జావ తాగు."