కాలేయసాక్షి

అంగారకుడి మీది అరుణపేటలో, పొద్దున్నే నీళ్ల కుళాయి దగ్గర చెయ్యి చాపడం పళ్లు తోముకోవడమంత మామూలు. ప్రతి మణికట్టుకూ కాలేయసాక్షి అనే పట్టీ ఉంటుంది; అది చూపితేనే నీళ్లు. కాలేయంలో కణాలు చెడితే కొన్ని ఎంజైములు, అంటే జీవరసాలు, రక్తంలోకి కారతాయి. అవి మితిమీరితే పట్టీ ఎర్రగా వెలుగుతుంది. ఎరుపు అనుమానం మాత్రమే. సూదితో కాలేయపు ముక్క తీసి, ఆ కణజాలాన్ని పరీక్షిస్తేనే క్యాన్సరో కాదో తేలుతుంది. దానికో గంట పడుతుంది.

జనం రోగం దాచుకుంటారని, దీపాన్ని పైకి కనబడేలా పెట్టింది పట్టీని కనిపెట్టిన డాక్టర్ రత్నకుమారి.

ఆ ఏడాది కాలేయ క్యాన్సరుతో నలుగురు పోయారు. వాడిన నీళ్లే శుద్ధయి మళ్లీ కుళాయిలోకి వచ్చే ఊరది. జబ్బు నీళ్లలోంచి అంటుతుందని పుకారు పుట్టింది. అప్పుడే మంచుగడ్డలు మోసే గవరయ్య పట్టీ వెలిగింది.

"రెండు షిఫ్టులు మోశానమ్మా. కండలు పీకేస్తన్నాయి, అంతే," అన్నాడతను.

రత్నకుమారి ముక్క తీసి యంత్రంలో పెట్టింది. "ఇది అంటుకునేది కాదు. ఒక్క గంట ఆగండి."

"గంటలో ఊరంతా ఈ నీళ్లు తాగేస్తది డాక్టరమ్మా," అన్నాడు కుళాయి గుమస్తా సత్తిరాజు. ఎన్నడూ కుర్చీ దిగని మనిషి పార కర్ర అందుకున్నాడు.

మొదటి దెబ్బకు గవరయ్య మోకాలు విరిగింది. రెండో దెబ్బకు పళ్లు రాలి బిందెలో పడ్డాయి. అడ్డుపడ్డ రత్నకుమారిని జుట్టు పట్టి ఈడ్చేశారు. ఇరవైమంది, చేతులు పడిపోయేదాకా కొట్టారు. గవరయ్య భార్య సింహాద్రమ్మ వచ్చేసరికి ప్రాణం పోయింది, మొహం గుర్తుపట్టేలా లేదు.

గంటకు యంత్రం చెప్పింది: "కాలేయం నిర్మలం. రక్తంలోని ఎంజైము అలసిన కండరాలది."

భగవంతుడు కాలేయంలో పోసిన రసాన్నే కండరంలోనూ ఎందుకు పోశాడో అనుకుంది రత్నకుమారి.

మర్నాడు వరసలో సత్తిరాజు చెయ్యి చాపాడు. ఎరుపు. వెనక మరొకడిది, ఆ వెనక ఇంకొకడిది. నిన్న కర్రలు ఆడించిన, పని అలవాటులేని ఇరవై చేతులూ ఎర్రగా వెలిగాయి. కొట్టనివాళ్లు వెనక్కి జరిగి పారలు వెతుక్కున్నారు.

"కండరాల వల్లే, నిన్న మీరే చూశారుగా," అని అరిచింది రత్నకుమారి. ఎవరూ వినలేదు.

"ముక్క తియ్యండమ్మా, నాకేం లేదు," సత్తిరాజు ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "ఒక్క గంట ఆగమనండి."

"నిన్న మా ఆయనకీ గంటే అడిగిందయ్యా ఈ తల్లి," అంది సింహాద్రమ్మ. రక్తం ఎండిన ఆ పార కర్ర ఆమె చేతిలోనే ఉంది.