పదకొండు టేపులకు లక్క ముద్ర

1999, మార్చి నెల. సోమవారం ఉదయం ఎనిమిదింబావుకు ఖాజాగూడ చెరువు మలుపులో నంబర్‌ప్లేటు లేని టిప్పర్ ఒకటి నీలం స్కూటర్‌ను గుద్దింది. గుద్ది, ఆగింది. డ్రైవర్ దిగి, కింద పడ్డ మనిషి వైపు కన్నెత్తి చూడకుండా, స్కూటర్‌కు తగిలించిన తోలు సంచి మాత్రం తీసుకుని వెళ్ళిపోయాడు.

చనిపోయింది డాక్టర్ సుబ్రహ్మణ్యం. క్షిపణుల జాడ పట్టే రాడార్ సాఫ్ట్‌వేర్‌ను తొమ్మిదేళ్ళు కూర్చుని రాసినవాడు.

మధ్యాహ్నానికి ఏజెంట్ మధుకర్ సికింద్రాబాద్‌లో ఓ ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనక గదిలో పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు. ఆ గది పేరు డెస్క్ నైన్, శత్రు గూఢచారులను పట్టే రహస్య ప్రభుత్వ విభాగం. ఎదురుగా చీఫ్ విశ్వేశ్వరరావు.

"సుబ్బు నా క్లాస్‌మేట్ సార్. ఆ వోల్‌మన్‌ని నాకు వదిలేయండి. సాయంత్రానికల్లా లెక్క తేలుస్తాను."

"కూర్చో. ముందు బ్రీఫింగ్ విను."

హెల్వార్ సిస్టమ్స్. హైటెక్ సిటీలో అద్దాల ఆఫీసు. పైకి యూరప్ కంపెనీ, లోపల గూఢచారుల ముఠా. దాని బాస్ వోల్‌మన్. భాగస్వామ్యం పేరుతో సుబ్రహ్మణ్యం కోడ్ ఉన్న పదకొండు టేపులు చేతిలో పెట్టుకుని తిరిగి ఇవ్వనన్నాడు. గొడవ వస్తే లండన్‌లో ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తుల ముందు విచారణ అని అగ్రిమెంటులో ఉంది కాబట్టి సుబ్రహ్మణ్యం అక్కడికే వెళ్ళి కొట్లాడాడు. ముగ్గురు ఆర్బిట్రేటర్లు విని, టేపులన్నీ అతనికి తిరిగి ఇచ్చేయాలని అవార్డు, అంటే తీర్పు రాశారు.

"గెలిచాడుగా సార్!"

"లండన్‌లో గెలిచాడు. ఆ కాగితం చూసి మాదాపూర్‌లో ఎవడూ తాళం తీయడు. న్యూయార్క్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మన కోర్టు దాన్ని అమలు చేయొచ్చు. కానీ ఒరిజినల్ దాఖలు చేయాలి. అది పొద్దున పోయిన సంచిలో ఉంది. లండన్ నుంచి సర్టిఫైడ్ కాపీ రావాలంటే రెండు వారాలు. టేపులేమో గురువారం మూడింటి ఫ్లయిట్‌కి వెళ్తున్నాయి. వెళ్ళాయా, మన రాడార్‌కి ఏది కనబడుతుందో, ఏది కనబడదో శత్రువుకి అరటిపండు ఒలిచి పెట్టినట్టే."

"లాక్కుంటే?"

"ఇండియా విదేశీ కంపెనీని దోచుకుందని ప్రపంచమంతా గగ్గోలు పెడతారు. కాగితంతోనే కొట్టాలి. అదీ సులువు కాదు. సిటీ సివిల్ కోర్టులో వాళ్ళు కేవియట్ వేసి కూర్చున్నారు. వాళ్ళకి చెప్పకుండా అక్కడ ఏ ఆర్డరూ రాదు. చెప్తే గంటలో టేపులు మాయం."

లోపల డెస్క్ నైన్ మనిషి ఒకరున్నారు. హెల్వార్ లీగల్ మేనేజర్ కృష్ణప్రియ. కోడ్‌నేమ్ మల్లిక. లిఫ్టులో నిలబడితే పక్కవాళ్ళు తమ ఫ్లోరు మరిచిపోయేంత అందం. వోల్‌మన్ సేఫ్ ఎక్కడుందో నిరుడే చెప్పింది ఆమే.

ఆ సాయంత్రం సుబ్రహ్మణ్యం భార్య వసంత వకాలత్ మీద సంతకం పెట్టింది. ఆమె కళ్ళల్లో తడి లేదు.

"నాకు ఓదార్పు వద్దన్నయ్యా. వాళ్ళు ఏడవాలి. నేను చూడాలి" అంది. ఇంట్లో ఉన్న అవార్డు జిరాక్సు తెచ్చి మధుకర్ చేతిలో పెట్టింది.

బుధవారం లంచ్ అవర్‌లో హెల్వార్ గేటు దగ్గరికి ఒక ఏసీ మెకానిక్ వచ్చాడు. జిడ్డు చొక్కా, చెవి మీద బీడీ. సెక్యూరిటీ గార్డు రాములు రిజిస్టర్‌లో పేరు రాసుకుంటూ గొంతు తగ్గించి, "పో సార్. సుబ్రహ్మణ్యం సారు రోజూ నన్ను పలకరిస్తుండె. ఆయన కోసమే" అన్నాడు.

సేఫ్‌కి అగ్గిపెట్టెంత యంత్రం అంటించి, ఇయర్‌ఫోన్‌లో డయల్ చప్పుడు వింటూ నాలుగు నిమిషాల్లో తెరిచాడు మధుకర్. వోల్‌మన్ ప్రతి కాగితాన్నీ ఫైలు చేసే రకం. హత్య చేసినా ఫైలు పెట్టాడు! తోలు సంచి, అందులో ఒరిజినల్ అవార్డు, దానికి పిన్ను చేసిన ఒక చీటీ. ఆకుపచ్చ సిరా. "ఖాజాగూడ రోడ్డు. 8.15. నీలం స్కూటర్."

ఆ చేతిరాత మధుకర్‌కి తెలుసు. రెండేళ్ళుగా మల్లిక రిపోర్టులన్నీ ఆ చేతిరాతే.

పైఫ్లోర్‌లో ఆమె హీల్స్ చప్పుడు వినిపిస్తోంది. వెళ్ళి పీక పిసికేయాలనిపించింది. పిసకలేదు. ఒరిజినల్ తీసుకుని దాని స్థానంలో వసంత ఇచ్చిన జిరాక్సు పెట్టాడు. చీటీని పెన్ కెమెరాతో ఫోటో తీసి, పోలీసులకు దొరికేలా అక్కడే ఉంచాడు.

గేటు దగ్గర రాములు అడిగాడు. "ఇగ ఏం జేస్తరు సార్?"

"సిటీ సివిల్ కోర్టుకి వెళ్ళాలి రాములూ. అదే చిక్కు."

"గాడికెందుకు? గీ మాదాపూర్ మొత్తం రంగారెడ్డి జిల్లాలకు వస్తది. నా భూమి కేసు సిటీ కోర్టుల ఏస్తే మాది కాదని వాపస్ ఇచ్చిండ్రు. ఏడాది ఉత్తగనే పాయె."

హెల్వార్ లెటర్‌హెడ్ మీద 'హైదరాబాద్' అని ఉంటుంది. ఢిల్లీ నుంచి దిగిన వాళ్ళ లాయర్లు అది చదివి, కేవియట్ హైదరాబాద్ కోర్టులో వేశారు. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోంచి మధుకర్, వసంత తరఫు అడ్వకేట్ పట్టాభిరామయ్యకి ఫోన్ కొట్టాడు.

అవతల ముసలాయన పగలబడి నవ్వాడు. "మీ గార్డు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమండి. జిల్లా కోర్టులో వాళ్ళ కేవియట్ లేదు. రేపు పదిన్నరకి వచ్చేయండి."

రెండో ఫోన్ కృష్ణప్రియకి.

"మల్లికా, రేపు పదిన్నరకి సిటీ సివిల్ కోర్టు. ఒరిజినల్ దొరక్కపోయినా ఓ రాయి వేసి చూస్తాం."

"నీకు తోడుగా నేనూ అక్కడే ఉంటాను మధూ. సుబ్రహ్మణ్యం గారి కోసం" అంది తేనె లాంటి గొంతుతో.

గురువారం ముగ్గురు ఢిల్లీ లాయర్లూ, పట్టుచీరలో కృష్ణప్రియా సిటీ సివిల్ కోర్టు వరండాలో రెండు గంటలు చెమటలు కక్కారు. అదే సమయానికి రంగారెడ్డి జిల్లా కోర్టులో జడ్జిగారు అవార్డు ఆఖరి పేజీ తిప్పి, కళ్ళజోడు తీశారు. పన్నెండూ పదికి ఆర్డర్ వచ్చింది. పదకొండు టేపులూ సీలు చేయాలి, గేటు దాటకూడదు.

ఆర్డర్ పట్టుకెళ్ళాల్సినవాడు కోర్టు అమీనా వీరేశం. చేతిలో ఇత్తడి ముద్ర, లక్క కడ్డీలు, కొవ్వొత్తి. మధుకర్ బైక్ వెనక ఎక్కి, "నిమ్మళంగ పోనీ సార్. నేను పడితే ఆర్డర్ గూడ పడ్తది" అన్నాడు. మధుకర్ వినలేదు.

హెల్వార్ ఆవరణలో వ్యాన్ ఇంజన్ ఆడుతోంది. పది నిమిషాలుగా రాములు గేటు తాళంచెవి దొరకడం లేదని ఉన్న ఐదు జేబులూ వరసగా వెతుకుతున్నాడు. ఆఖరి జేబు అయ్యేసరికి వోల్‌మన్ అతని డొక్కలో పిస్టల్ ఆనించి, తాళంచెవి లాక్కున్నాడు. గేటు రెక్క కదిలింది. వ్యాన్ ముందు చక్రం గేటు గీత దగ్గరికి వచ్చింది.

బైక్ అడ్డంగా వచ్చి పడింది. మధుకర్ దూకిన ఊపుకి పిస్టల్ ఎగిరిపోయింది. మరుక్షణం అతని రివాల్వర్ వోల్‌మన్ నుదుటి మీద ఉంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. సుబ్బు ముఖం తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

"జర జరుగు సార్" అన్నాడు వీరేశం మధ్యలో దూరి. "ముందు నన్ను ఆర్డర్ సర్వ్ చెయ్యనీ. సచ్చినోనికి సర్వ్ చేస్తే చెల్లదు."

మధుకర్ వేలు సడలింది. వీరేశం తాపీగా రాములునీ, ఎదురు కొట్టు చాయ్ అతన్నీ పంచులుగా, అంటే సాక్షులుగా నిలబెట్టి, కొవ్వొత్తి వెలిగించి, పదకొండు టేపులకూ ఒక్కొక్కటిగా లక్క ముద్ర కొట్టాడు.

అప్పుడే కారు దిగింది కృష్ణప్రియ. వెనక జీపులో ఇన్‌స్పెక్టర్ రాజేందర్, చేతిలో చీటీ ఫోటో చూపించి తెచ్చిన సేఫ్ సోదా వారంట్. ఆమె లక్క ముద్రలు చూసి మధుకర్ వైపు తిరిగింది.

"సిటీ కోర్టన్నావు!"

"నువ్వు నీలం స్కూటరన్నావు" అన్నాడు మధుకర్.

రోడ్డుకి అవతల ఆటోలో వసంత కూర్చుని ఉంది. ఏడుస్తున్న కృష్ణప్రియని జీపు ఎక్కించేదాకా రెప్ప వేయకుండా చూసింది.

బేడీల చేతులతోనే వోల్‌మన్ అమీనా పుస్తకంలో సంతకం పెట్టి, దాని కింద ఇంగ్లీషులో ఏదో గీకాడు.

"ఏం రాసిండు సార్?" అడిగాడు వీరేశం.

"ఈ ఆర్డర్ తనకి సమ్మతం కాదట."

వీరేశం పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "ముప్పై ఏండ్ల సర్వీసుల సమ్మతమని రాసినోడు ఒక్కడు దొరకలే సార్."