గ్రహణంలో వచ్చిన అతిథి

మిట్టమధ్యాహ్నం… నడినెత్తిన ధగధగలాడాల్సిన సూర్యబింబాన్ని రాహువు అంచు కొరికాడు!

అహ్మదాబాదు పాతబస్తీ మీద పగలూ కాని, రాత్రీ కాని వెలుతురు పరుచుకుంది. సాబర్మతి మీదుగా వీచే గాలి ఉన్నట్టుండి స్తంభించింది. పిట్టలకి గింజలు చల్లే మేడ మీద పావురాలు రెక్కలు ముడుచుకుని ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. చెక్కడపు దూలాల సందులోంచి ఒక గుడ్లగూబ పట్టపగలే బయటికొచ్చి కూసింది… మబ్బుతునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము!

గ్రహణంవేళ మా బస్తీలో కుక్క కూడా వీధిలోకి రాదు. పొయ్యిలు ఆర్పేస్తాం. నీళ్ళ బిందెల్లో దర్భపోచ వేసి, గ్రహణం విడిచేదాకా నోరు కట్టుకుని కూర్చుంటాం. అలాంటి వేళ ఊరు చూపించమని ఒక మనిషి వచ్చాడు. చూపించడానికి ఒక ఆడపిల్ల బయల్దేరింది. ఎంత తెగింపో చూడండి! తెగింపు కాదులెండి, గత్యంతరం లేక.

ఆ పిల్ల ఫాల్గుణి. మా మోగరా పోళ్‌లోనే పుట్టింది. పోళ్ అంటే ఊళ్ళో ఊరు. బయటికి ఒకటే సింహద్వారం, లోపల పేగుల్లా మెలికలు తిరిగే సందులు, సగం సందులకు అవతల దారే ఉండదు. పరదేశుల్ని ఆ సందుల్లో తిప్పి, ఈ స్తంభం చూడండి, ఆ కిటికీ చూడండి అని చెప్పడమే దాని పని. కళ్ళకి గంతలు కట్టినా తిరగ్గలదు.

మా సింహద్వారం పక్క గూట్లో ఒక మట్టికుండ నిండా నీళ్ళు ఉంటాయి. ఆ కుండే మా పోళ్ తల్లి. విగ్రహం లేదు, పూజారీ లేడు. దొంగ, దోషి, క్షుద్రుడు… చెడ్డ తలంపుతో వచ్చినవాడు ఆ ద్వారం దాటలేడు. దాటాలంటే పోళ్‌లో పుట్టిన మనిషి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. ఒక్క అతిథి జోలికి మాత్రం తల్లి రాదు. నవ్వకండి. నవ్వినవాళ్ళని చాలామందిని చూశాను.

ద్వారానికి కాపలా ఉంది, బాగానే ఉంది. మరి ఆకాశానికో?

ఉత్తరాయణం నాడు, అదే సంక్రాంతికి, ఊరంతా మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తుంటే, తెగిన పటమొకటి ఊగుతూ ఊగుతూ వచ్చి ఫాల్గుణి వాళ్ళ మేడ మీద పడింది. నల్లటి పటం. తెగిన పటం ఎవరికి దొరికితే వాళ్ళది. మా ఊళ్ళో దాన్ని వదిలిపెట్టేవాడు పుట్టలేదు. ఫాల్గుణి చెల్లెలు ఊర్వి ఒక్క గెంతు గెంతి దారం అందుకుంది. గాజుపొడి పూసిన దారం కదా, వేలు తెగి నెత్తురు దారం వెంట జరజరా పాకింది. ఎటు పోయిందంటారు? తెగినట్టు కనిపించే ఆ దారం అవతలి కొస ఎవడి చేతిలో ఉందో వాడి దగ్గరికి!

ఆ సాయంత్రం నుంచి ఊర్వి మనిషి కాదు. పొద్దు వాలేసరికి కనుగుడ్లు పైకి పోయేవి. పద్దెనిమిదేళ్ళ పిల్ల గొంతులోంచి ముసలి మగవాడి గొంతు బొంగురుగా పలికేది… "నా తల… నా తల నాకివ్వండి…" ఒళ్ళు చిక్కి చీపురుపుల్లయింది. వైద్యుడూ అయ్యాడు, భూతవైద్యుడూ అయ్యాడు. ఇద్దరూ తలలు అడ్డంగా ఊపి పోయారు.

ఆ తల ఎవరిదో ముసలి జశీబాకి తెలుసు. జశీబా అంటే ఈ అక్కచెల్లెళ్ళ నాయనమ్మ. దాని అవ్వల కాలంలో డమరునాథుడనే మాంత్రికుడు ఆడపిల్లల్ని బలికి ఎత్తుకుపోతుంటే, మా పోళ్ ఆడవాళ్ళే రోకళ్ళతో వాణ్ణి చావగొట్టి తల నరికారు. మొండేన్ని శిష్యులు మోసుకుపోయారు. తల మాత్రం శేఠ్ హవేలీ కింద వాననీళ్ళు నిలవచేసే టాంకాలో పడి మునిగిపోయింది.

గ్రహణానికి ముందు రోజు ఫాల్గుణికి ఫోన్ వచ్చింది. మా దగ్గర ఏ ఆడమనిషినైనా బెన్ అంటారు, అక్కా అన్నట్టు. "బెన్, మీ పోళ్ చూడాలి. నేనొక్కణ్ణే. రేపు గ్రహణం పట్టే వేళకి."

"రేపు ఎవరూ తిప్పరు భాయ్. ఇంకో రోజు రండి."

"నీ చెల్లి నోట్లోంచి ఎవడు మాట్లాడుతున్నాడో నాకు తెలుసు. వాణ్ణి దింపడమూ తెలుసు. నువ్వు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళు, చాలు. లేదంటావా, గ్రహణం విడిచేసరికి పిల్ల ఉండదు."

ఆ మాట విని జశీబా నెత్తి కొట్టుకుంది. "కొరివితో తల గోక్కుంటావటే? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. నువ్వు చెయ్యిచ్చి తెస్తే తల్లి మాత్రం ఏం చేస్తుంది?"

"చెల్లి పోతుంటే చూస్తూ కూర్చోమంటావా బా? నువ్వు కూర్చుంటావా?" అంది ఫాల్గుణి. మర్నాడు ముసలిది ఊర్విని గదిలో పెట్టి, గొళ్ళెం వేసి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

గ్రహణం పట్టే వేళకి సింహద్వారం ముందు నిలబడ్డాడు ఫోన్ చేసిన త్రికమ్‌నాథ్! తెల్లటి పైజమా కుర్తా, నున్నగా దువ్విన జుట్టు, చంకలో సంచీ. చూస్తే ఏ నగల దుకాణం యజమానో అనుకుంటారు. కళ్ళలోకి మాత్రం చూడకూడదు. చితిలో ఆరీ ఆరని నిప్పుకణికలవి! శ్మశానభస్మంలో పొర్లి, శవాసనం మీద జపించి, తన గురుపరంపరకి మూలమైన డమరునాథుని ఆత్మను మంత్రబద్ధం చేసిన మహాక్షుద్రుడు! ఆ కపాలం చేతికొచ్చి, గ్రహణకాలంలో ఒక కన్యాప్రాణం దానికి ఆహుతైతే… గురువు శక్తులన్నీ వాడివే. ఆపైన మృత్యువు కూడా వాడి గుమ్మం ముందు చేతులు కట్టుకోవలసిందే!

అడుగు ముందుకేశాడు. కాలు గాలిలోనే గడగడా వణికింది. గూట్లో కుండలో నీళ్ళు అలలు రేగాయి.

"చెయ్యి పట్టుకో బెన్," అన్నాడు మెల్లగా. "నీ అతిథిని."

ఫాల్గుణి వాడి చెయ్యి పట్టుకుంది. ఐసుముక్కలా ఉంది. "రండి," అంది. ద్వారం దాటాడు. తలెత్తి ఆకాశంలోకి చూసి నవ్వాడు. గుడ్లగూబ మళ్ళీ కూసింది.

సందులో వాడు ముందర నడవడు. ఆమె వెనకే. నోరు ఊరుకుంటే భయం గొంతు దాకా వస్తుందని ఫాల్గుణి రోజూ చెప్పే కబుర్లే చెప్పుకుపోయింది. "ఈ స్తంభం బర్మా టేకు. చెక్కినవాడు ఈ రామచిలకని పూర్తి చెయ్యకుండానే పోయాడు. ఇటు కిటికీలోంచి అటు ఇంట్లోకి పిండివంటలు అందించుకునేవాళ్ళు…"

"ఎదురింట్లో శవం ఉన్నా అందించుకునేవాళ్ళా?" అన్నాడు వాడు.

రెండు వైపులా మూసిన తలుపులు. ప్రతి తలుపు వెనకా ఊపిరి బిగబట్టుకున్న జనం. మా తలుపు సందులోంచి నేనూ చూశాను. వాడి నీడ వాడి వెనక లేదు… ఫాల్గుణి నీడని తొక్కుతూ ముందు నడుస్తోంది!

శేఠ్ హవేలీ మూతబడి చాలా ఏళ్ళయింది. ఆ కుటుంబం నది అవతల కొత్త ఇళ్ళకి వెళ్ళిపోయి తాళంచెవి ఫాల్గుణికే ఇచ్చింది, చూడవచ్చిన వాళ్ళకి చూపించమని. తలుపు తీసి, గడప దగ్గర ఆగి, చేతిసంచీలోంచి మూత బిగించిన రాగి నీళ్ళ లోటా తీసి వాడికి అందించింది. ఏ ఇంటికి ఎవరొచ్చినా మా దగ్గర ముందు నీళ్ళు, తరవాతే మాట. చెయ్యి దానంతటదే సాగిపోయింది పాపం.

వాడు పాముని చూసినట్టు వెనక్కి తగ్గాడు. "గ్రహణం పట్టి ఉంటే నీళ్ళా? చుక్క గొంతు దిగితే నా దీక్ష ఏమవుతుందో తెలుసా నీకు?"

"అలవాటు భాయ్," అని ఫాల్గుణి లోటా గడప మీద పెట్టేసింది.

నడవాలో రాగి మూత తీస్తే కింద టాంకా… నల్లటి నోరు తెరుచుకున్న పాతాళబిలం! వాననీళ్ళు తెచ్చే గొట్టాలు విరిగిపోయి, ఎండిపోయి, అడుగున ఒండ్రు మాత్రం మిగిలింది. గోడకి దిగేసిన ఇనుపమెట్ల మీదుగా త్రికమ్‌నాథ్ సరసరా దిగాడు. ఒండ్రులో చేతులు పెట్టి కెలికాడు. పైకెత్తాడు… కపాలం! రోకటిపోటుకి నుదురు పగిలిన కపాలం! కంటిగుంతల్లోంచి నల్లటి నీరు బొటబొటా కారింది. దానికి సిందూరం అద్ది, నిమ్మకాయలు కోసి, మంత్రం అందుకున్నాడు. హ్రీం… క్రీం… హుం ఫట్! భూగర్భం దద్దరిల్లింది. పైన సూర్యుడు సన్నటి ఉంగరంలా మిగిలాడు.

అదే క్షణాన అటు ఇంట్లో గొళ్ళెం దానంతటదే ఊడింది. జశీబాని పక్కకి విసిరేసి ఊర్వి బయటికొచ్చింది. జుట్టు విరబోసుకుని, కళ్ళు తెల్లగా తిరగేసుకుని, నేలకి మడమ ఆనకుండా సందులన్నీ దాటి హవేలీలోకి నడిచి వచ్చింది. తిన్నగా టాంకా నోటి మీదకి!

ఫాల్గుణి చెల్లెల్ని నడుం దగ్గర వాటేసుకుంది. పిల్ల ఎముకలగూడే, బలం మాత్రం ఏనుగుది.

"వదిలెయ్ బెన్," కిందనుంచి వాడి గొంతు. "దూకనీ."

"దింపుతానన్నావు కదా."

"దింపుతున్నాగా. దాని ఒంట్లోంచి ప్రాణం దిగితే వాడూ దిగుతాడు."

ఫాల్గుణి పై ప్రాణాలు పైనే పోయాయి. తన చేత్తో తానే తెచ్చింది వీణ్ణి! "నీకు దణ్ణం పెడతాను. నన్ను తీసుకో. అది చిన్నది," అని ఏడ్చింది.

వాడు పగలబడి నవ్వాడు. "మీ తల్లిని పిలుచుకోరాదూ? రాదు. నేను మీ పోళ్ అతిథిని. నువ్వే చెయ్యి పట్టుకుని తెచ్చావు. అతిథిని ఆవిడ ముట్టదు."

ఊర్వి కాళ్ళు అంచు దాటుతున్నాయి. ఫాల్గుణి పట్టు జారుతోంది. ఏడుపు మధ్యలో ఏదో తట్టి, ఆమె గొంతు ఒక్కసారిగా మామూలైపోయింది.

"నువ్వు నీళ్ళు తాగలేదుగా," అంది.

మంత్రం ఆగిపోయింది.

నీళ్ళు పుచ్చుకోనివాడు మాకు అతిథి ఎలా అవుతాడు? చెయ్యి పట్టుకుని తెచ్చినా, పల్లకీలో మోసుకొచ్చినా, ఇంటి నీళ్ళు గొంతు దిగనంతవరకు వాడు దారినపోయే దానయ్యే. వాడికది తెలియక కాదు. దీక్ష దీక్ష అని ఆ తొందరలో మరిచాడు!

ఎండిన టాంకా గోడలు చెమర్చాయి. రాళ్ళ సందుల్లోంచి, మెట్ల మొదట్లోంచి, ఒండ్రులోంచి… నీళ్ళు! ఏ వానదీ కాదు, ఏ ఏరుదీ కాదు. తరతరాల ఆడవాళ్ళు దణ్ణం పెట్టి తోడుకున్న నీళ్ళన్నీ ఒక్కసారి తిరిగొచ్చినట్టు ఘోషిస్తూ పొంగాయి! ఆ ఘోషలో గాజుల చప్పుడు వినిపించిందని ఫాల్గుణి ఇప్పటికీ అంటుంది. త్రికమ్‌నాథ్ మెట్టు అందుకున్నాడు, ఊడి చేతికొచ్చింది. మోకాలు… నడుము… కంఠం!

"లోటా ఇవ్వు బెన్," అని అరిచాడు. "తాగుతాను. ఇలా ఇవ్వు."

"నీ చుట్టూ ఉన్నాయిగా. తాగు."

తాగకపోతే తల్లి వదలదు. తాగితే దీక్ష విరుగుతుంది. నీళ్ళు గడ్డం దాటి పెదాలని తాకాయి. ప్రాణం తీపి కదా… వాడు నోరు తెరిచాడు! ఒక్క గుక్క… గుటుక్కున దిగింది.

అంతే! నీళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తల్లి మాట తప్పదు, అతిథిని ముట్టదు. కానీ గురువుని కట్టిపడేసిన బంధం ఆ దీక్షే కదా. అది పుటుక్కున తెగింది! ఊర్వి నోట్లోంచి నల్లటి పొగ వికృతంగా గర్జిస్తూ వెలువడి సర్రున టాంకాలోకి దూకింది. ఇన్నాళ్ళూ తనని కుక్కలా గొలుసు వేసి ఆడించిన శిష్యుడి మీదకి! కపాలం దవడలు విచ్చుకున్నాయి… నవ్విందో, కరిచిందో… ఒక ఆక్రందన పోళ్ అంతా ప్రతిధ్వనించి, సందుసందునా దారి వెతుక్కుని, దొరక్క వెనక్కి పోయి అణిగింది.

గ్రహణం విడిచింది. నడవాలో ఎండ పడింది. టాంకా ఎప్పటిలా ఎండిపోయి ఉంది. కపాలం లేదు, శవమూ లేదు. సంచీ ఒకటి ఒండ్రులో పడి ఉంది.

"అక్కా, చెయ్యి నొప్పి పుడుతోంది, కాస్త వదులు," అంది ఊర్వి, తన గొంతుతో. ఫాల్గుణి వదల్లేదు. జశీబా కుంటుకుంటూ వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది, ఏడుస్తూ.

ఆ తరవాత పిల్ల ఒళ్ళు చేసింది, కాలేజీకి పోతోంది, అన్నీ బాగానే ఉన్నాయి. టాంకా మూతకి మేకులు కొట్టించాం. ఫాల్గుణి ఇంకా పరదేశుల్ని తిప్పుతూనే ఉంది, హవేలీ తలుపు మాత్రం తియ్యదు. మిట్టమధ్యాహ్నం వేళ ఆ సందులో నడిచేవాళ్ళకి టాంకా అడుగునుంచి ఒక మాట వినిపిస్తుంది. బెదిరింపు కాదు, శాపం కాదు. ఎంతో మర్యాదగా… "బెన్… దారెటు?"

మేమెవరమూ పలకం.

మొన్న అన్నం తింటూ ఊర్వి ఉన్నట్టుండి అంది. "పాపం, అలా అడుగుతూనే ఉన్నాడక్కా. నీళ్ళు తాగిన అతిథేగా. దారి చెప్పేస్తే పోతాడు కదా."

"పోతాడే," అంది ఫాల్గుణి. "తల్లి ఆపదు కూడా. ఎవరింటికి పోతాడు?"

ఊర్వి ఇంకో రొట్టె అడిగి వేయించుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అప్పటికింకా మిట్టమధ్యాహ్నమే, వాడు అడుగుతూనే ఉన్నాడు.