బెండకాయ పూలు

కుప్పం నుంచి చెల్లెలు సంగీత ఫోన్ చేసి ఏడుస్తుంటే, మదనపల్లెలో మాధవి చేస్తున్న పని వదిలేసి వింది. కూతురు హరిత నాలుగు రోజులుగా సరిగా అన్నం తినడం లేదట. పిలిస్తే పలకడం లేదట. కన్నతల్లిని చూసి తలుపు చాటుకు పోతోందట!

హరిత ఆర్నెల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడు సంగీతకు పెద్ద జబ్బు చేసింది. ఆస్పత్రులు, ఆపరేషన్లు... ఏళ్లు గడిచిపోయాయి. పిల్లల్లేని మాధవి ఆ పసిదాన్ని ఒళ్లోకి తీసుకుని ఆరేళ్లు పెంచింది. ఇప్పుడు కోలుకున్న చెల్లెలు పోయిన నెల వచ్చి తన బిడ్డను తాను తీసుకుపోయింది. న్యాయమే కదా... కాదనడానికి తానెవరు? గౌన్లు మడిచి సంచిలో పెట్టి పంపింది కానీ, గోడ మీద హరిత వేసిన ఆకుల అచ్చులు కనిపించినప్పుడల్లా మాధవికి కళ్లు నిండిపోయేవి.

మరునాడే బస్సెక్కింది. పుంగనూరు దాటుతుండగా మనసులో ఒక ఆశ తలెత్తింది. బిడ్డ అక్కడ ఇమడలేకపోతే మళ్లీ తన దగ్గరకే వస్తుందేమో...! ఆ తలపుకు తనకే సిగ్గేసింది.

గుమ్మంలో చూడగానే హరిత పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేసుకుంది. "పెద్దమ్మా, మనింటికి పోదాం పా" అంది చెవిలో. తలెత్తితే వంటింటి గడపలో సంగీత, మొహం వాడిపోయి నిలబడి ఉంది.

రంగుల పెట్టె, బొమ్మల పుస్తకం కొని, గీత దాటకుండా రంగు వేయమని దగ్గరుండి చెప్పిందట సంగీత. హరిత వాటిని ముట్టనే లేదట.

"పిల్చుకోని పో అక్కా" అంది సంగీత మెల్లగా. "దాంతో ఎట్లుండాల్నో నాకు తెలీలే."

ఎదురుచూసిన మాటే! సరే అంటే చాలు. కానీ బిడ్డను చూసుకోవాలనే చావును తప్పించుకుని వచ్చిన ఆ కళ్లను చూసి, మాధవి ఆ 'సరే'ను గొంతులోనే దిగమింగుకుంది.

"ఇంట్లో బెండకాయలుండాయా?" అని అడిగింది.

పాత పేపర్లు పరిచి చెల్లెల్నీ హరితనూ కూర్చోబెట్టింది. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి కాగితం మీద అద్దితే పువ్వు. రంగులో తడిపిన దారాన్ని మడిచిన కాగితం మధ్య పెట్టి లాగితే ఏదో ఒక బొమ్మ. ఇట్లా వేయి, అట్లా వేయి అనొద్దని, ఏమొచ్చిందో బిడ్డనే అడగమని, చేతులకు రంగంటితే కడుక్కోవచ్చని చెల్లెలి చెవిలో చెప్పింది. ఆరేళ్లుగా తానూ బిడ్డా మాత్రమే ఆడుకున్న ఆటలన్నీ ఒక్కొక్కటిగా అప్పజెబుతుంటే ప్రాణం పోతున్నట్టే ఉంది...

సంగీత అద్దిన పువ్వు ముద్దయిపోయింది. హరిత కాసేపు చూసి, ఇక ఊరుకోలేక తల్లి చెయ్యి పట్టుకుంది.

"అట్ల అదమగూడదు. మెల్లింగా పెట్టి తియ్యాల."

రెండో పువ్వు బాగా వచ్చింది. సంగీత దారం లాగి ఏమొచ్చిందని అడిగితే, హరిత అది వానలో తడిసిన కోడి అని, దాని పిల్లలు ఇంకా రాలేదని పెద్ద కథే మొదలుపెట్టింది. మాధవి లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆమె లేచిన సంగతి ఇద్దరూ గమనించలేదు. కోరుకున్నదే... అయినా ఎంత నొప్పి!

సాయంత్రం బయలుదేరుతుంటే, ఈ పూటకు ఉండిపొమ్మని హరిత చేయి పట్టుకుంది. తాను వస్తానని మాత్రం అనలేదు.

బస్టాండు దాకా వచ్చిన సంగీత అక్క చేతులు పట్టుకుంది. "నువ్వు పిల్చుకపొయ్యుంటే నేనేమీ అనేదాన్ని కాదు. అయినా నువ్వు పిల్చుకపోలే. యాలనో నాకు తెలుసక్కా. దానికి అమ్మలు ఇద్దురని సెప్పే పెంచుతా."

మాధవి చెల్లెలి తల నిమిరింది.

మదనపల్లెలో బస్సు దిగేసరికి భర్త సురేంద్ర ఎదురొచ్చాడు. ఆమె వెనక ఎవరైనా దిగుతారేమోనని ఒక్క క్షణం చూశాడు.

"బిడ్డ బాగుండాది" అంది మాధవి. ఆ మాట పూర్తిగా అన్నాకే, ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది.