లోపలికి రావచ్చా, మిస్ హోల్‌రాయిడ్?

"మిస్టర్ గార్సైడ్, మీరు లేటు."

ఏడాది తర్వాత బ్రయొనీ హోల్‌రాయిడ్ నోటినుంచి ఫెలిక్స్ గార్సైడ్ విన్న మొదటి మాట అది. గొడుగు మూయడం కూడా మర్చిపోయి రిహార్సల్ గది గుమ్మంలోనే నిలబడిపోయాడు. నీళ్ళు కారి చాపంతా తడిసింది.

"నువ్వా! ఈ నాటకానికి స్టేజి మేనేజర్ నువ్వని నాకెవరూ చెప్పలేదే!"

"చెబితే రారేమోనని భయపడి ఉంటారు. రాకపోవడం, వచ్చి చెప్పకుండా పోవడం మీకు అలవాటే కదా. గొడుగు బయట పెట్టండి."

'మీరు' అన్న ఆ ఒక్క మాటకే ఫెలిక్స్ గుండె పిండేసినట్టయింది.

అతనికి ఇరవై నాలుగేళ్ళు. చిన్నప్పుడు ఓ టీవీ సీరియల్లో ఫిడేలు వాయించే అనాథ పిల్లాడిగా నటించి ఇంగ్లండులో ఉన్న ముసలమ్మలందరి చేతా కన్నీళ్ళు పెట్టించాడు. ఇప్పటికీ బస్సెక్కితే ఎవరో ఒకావిడ బుగ్గ గిల్లబోతుంది. పెద్దయ్యాక బ్యాండు పెట్టాడు. ఓ పాట రేడియోలో కొన్నాళ్ళు మోగింది. తర్వాత నాటకాల్లోకి వచ్చాడు. నటిస్తూ, పాడుతూ, ఫిడేలు కూడా వాయించేవాళ్ళు అరుదు గనక పనికి లోటు లేదు. కిందటేడు నాటకం వెయ్యడానికి ఎక్సెటర్ ఊరు వెళ్ళేవరకూ అంతా బాగానే ఉంది.

అక్కడ ఒక సాయంత్రం పాట మధ్యలో అతని బుర్ర ఖాళీ అయిపోయింది. హాలు నిండా జనం. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఫిడేలు కిందికి దించేశాడు. ఇంటర్వెల్లో వెనక తలుపు తీసుకుని, వేషం కూడా విప్పకుండా స్టేషనుకి పోయి దొరికిన రైలెక్కేశాడు. అప్పుడు కూడా నటుల్ని మైకులో పేరు పెట్టి స్టేజి మీదికి పిలిచే స్టేజి మేనేజర్ బ్రయొనీయే. ఇద్దరూ ఒకే పొట్లంలో చిప్స్ తింటూ నది ఒడ్డున షికార్లు మొదలుపెట్టి వారమైనా కాలేదు. రైలు ఊరు దాటుతుంటే ఆ పిచ్చిపిల్ల ఖాళీ గదికి మైకులో అతని పేరు పిలుస్తూనే ఉంది.

ఇప్పుడు స్కార్‌బరోలో, సముద్రం పక్కనున్న పాత థియేటర్లో కొత్త నాటకం. చేపల ఓడ మీద ఫిడేలు వాయించే కుర్రాడి వేషం. "ఇంకోసారి పారిపోయావో, నీ ఫోను ఎత్తేవాడు ఈ దేశంలో ఉండడు" అని ఏజెంటు ముందే చెప్పేశాడు. ఫెలిక్స్‌కి ఆ భయం సరిపోక, రోజూ ఎదురుగా ఈ పిల్ల.

ఒకరోజు రిహార్సల్లో బ్రయొనీ టీ కప్పు అతని ముందు పెట్టింది. తాగి చూస్తే చక్కెర సరిగ్గా అతనికి కావలసినంతే ఉంది.

"గుర్తుందన్నమాట!" అన్నాడు మొహం విప్పారించి.

"మురిసిపోకండి. ఎవరి టీలో ఎంత చక్కెరో గుర్తుంచుకోవడం నా పని."

"అలాగా! మరి క్లైవ్ టీలో ఎంత?"

క్లైవ్ అంటే ఫెలిక్స్ రాకపోతే ఆ వేషం వెయ్యడానికి సిద్ధంగా ఉంచిన నటుడు. బ్రయొనీ గబగబా కప్పులు సర్దింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అతను కాఫీ తాగుతాడు" అంది.

"తప్పు. ఇందాకే నాతో టీ తాగాడు."

"పోయి డైలాగులు చూసుకోండి!"

ఆ చెవుల ఎరుపు చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. "బ్రయొనీ, ఆ రోజు నేను..."

"వద్దు" అందామె గబుక్కున. "మాటలు మీకు బాగా వచ్చు. మొదటి ఆట కానీయండి. ఇంటర్వెల్ తర్వాత మీరింకా బిల్డింగులో ఉంటే అప్పుడు వింటాను."

మొదటి ఆట రోజు రానే వచ్చింది. పొద్దుటినుంచీ వాన. లండన్ నుంచి పత్రికలవాళ్ళు వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. మేకప్ గదిలో ఫెలిక్స్ వేషం వేసుకుని, అద్దం ముందు కూర్చుని, రెండో అంకంలో తను ఒంటరిగా పాడాల్సిన పాట వల్లె వేసుకుంటున్నాడు. భయం పోగొట్టుకోవడానికి ఏదో కూనిరాగం తీద్దామనుకున్నాడు. అది కాస్తా ఈల అయి కూర్చుంది.

అతను ఠక్కున నోరు మూసుకున్నాడు.

థియేటర్లో ఈల వెయ్యకూడదు. పూర్వం తెరల తాళ్ళు లాగడానికి ఓడ పనివాళ్ళని పెట్టుకునేవారు. వాళ్ళు ఈలలతోనే కబుర్లు అందించుకునేవారు. ఎవడైనా సరదాకి ఈల వేస్తే అది తమకే అనుకుని వాళ్ళు తాడు వదిలేవారు, పైనుంచి దూలం నెత్తిన పడేది. ఇప్పుడు తాళ్ళకి మోటార్లు వచ్చాయి గానీ భయం ఎక్కడికీ పోలేదు. ఈల వేసినవాడు గది బయటికి పోయి మూడుసార్లు గిరగిరా తిరిగి, తలుపు తట్టి, లోపలికి రానివ్వమని అడగాలి. నవ్వొస్తే నవ్వుకోండి, పెద్ద పెద్ద నటులు కూడా ఈ ప్రదక్షిణాలు చేసినవాళ్ళే.

ఈల ఎవరూ వినలేదు. ఊరుకుంటే సరిపోయేది. కానీ భయపడ్డవాడికి బుద్ధి పనిచెయ్యదు. గది బయట తిరిగితే చాలుతుందో లేదో, బిల్డింగు బయటే తిరిగితే ఏ శనీ అంటదనుకున్నాడు. ఫోను బల్లమీద వదిలి, వెనక తలుపు తోసుకుని వానలోకి వెళ్ళాడు. మూడుసార్లు తిరిగాడు. తలుపు తట్టాడు.

తలుపుకి దానంతటదే గడియ పడిపోయింది. కాపలా ఉండే ఆయన పూలబొకేలు మోసుకుని ముందు హాల్లోకి వెళ్ళాడు. వినేవాళ్ళు లేరు.

"ఎవరండీ లోపల! తలుపు తియ్యండి!"

బాదాడు, తన్నాడు. లోపల స్పీకర్లో బ్రయొనీ గొంతు సన్నగా వినబడింది. "మిస్టర్ గార్సైడ్, స్టేజి దగ్గరికి రండి." కాసేపాగి మళ్ళీ, "మిస్టర్ గార్సైడ్."

అప్పుడు తట్టింది అతనికి. వెనక తలుపు, మాయమైన నటుడు, మైకులో పేరు. అంతా ఎక్సెటర్‌లాగే ఉంది. పాట మర్చిపోతానన్న భయం ఎగిరిపోయింది. దాని చోట ఇంకా పెద్ద భయం వచ్చి కూర్చుంది. మళ్ళీ పారిపోయాననుకుంటుంది బ్రయొనీ. ఈసారి ఎప్పటికీ క్షమించదు.

లోపల బ్రయొనీ అతని గది తలుపు తీసింది. కుర్చీ ఖాళీ. బల్లమీద ఫోను. ఎక్సెటర్‌లోనూ ఇలాగే ఖాళీ కుర్చీ చూసింది.

"క్లైవ్‌కి కోటు తొడుగు, తెర ఎత్తేద్దాం" అన్నాడు నాటక కంపెనీ మేనేజరు. "ఆ పిరికివెధవ మళ్ళీ చెక్కేశాడు."

"ఒక్క నిమిషం" అంది బ్రయొనీ. ఆమె ఇంతవరకూ ఏ ఆటనీ ఒక్క క్షణం ఆలస్యం చేసింది కాదు.

ఫెలిక్స్ బిల్డింగు చుట్టూ పరుగెత్తి ముందు గుమ్మానికొచ్చాడు. టికెట్లు చింపే పిల్ల అడ్డం నిలబడింది.

"టికెట్?"

"నేను నటుణ్ణి! నేను లేకపోతే నాటకం లేదు!"

"ఈ మాట వారానికొకడు చెబుతాడు."

పక్కన కోటు విదిలించుకుంటున్న ముసలావిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "అయ్యో, నువ్వు ఆ ఫిడేలు పిల్లాడివి కదూ! ఎంత తడిసిపోయావు నాయనా! వదులు పిల్లా, వీడు మా వాడే."

లోపలికైతే పడ్డాడు. కానీ హాల్లోంచి వెనక్కి వెళ్ళే చిన్న తలుపుకి తాళం. ఇక మిగిలిన దారి ఒక్కటే, కుర్చీల మధ్యనుంచి. ఏ జనాన్ని తలుచుకుంటే ఏడాదిగా నిద్ర పట్టలేదో, ఆ జనం మధ్యలోంచి, తడిసిన వేషంతో, ఫిడేలు లేకుండా.

నడిచాడు. తలలు ఒక్కొక్కటే తిరిగాయి. బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. పత్రికలవాడొకడు కలం తీశాడు. మెట్లు లేవు, స్టేజి అంచు పట్టుకుని పైకి పాకాడు. మోకాలు కొట్టుకుంది. మూసి ఉన్న తెర ముందు నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. చీకట్లో అన్నీ కళ్ళే. ఎక్సెటర్‌లో పట్టిన భయమే మళ్ళీ వస్తోంది.

అతను జనానికి వీపు తిప్పి, తెర పక్కనున్న చెక్కస్తంభం మీద తట్టాడు.

"మిస్ హోల్‌రాయిడ్! నేను ఎక్కడికీ పోలేదు. ఈల వేశాను, బయటికొచ్చి తిరుగుతుంటే వెనక తలుపుకి గడియ పడిపోయింది. లోపలికి రావచ్చా?"

జనం పకపకా నవ్వారు. నాటకం మొదలైందనుకున్నారు. తెర వెనక కోటుకి సగం బొత్తాలు పెట్టుకున్న క్లైవ్ కొయ్యబొమ్మయ్యాడు. బ్రయొనీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మైకు దగ్గరికి లాక్కుంది.

"తెర ఎత్తండి" అంది.

ఎవరో ఫిడేలు అందించారు. మొదటి అంకం ఎలా గడిచిందో ఫెలిక్స్‌కి తెలియదు. చప్పట్లు మాత్రం వినబడ్డాయి.

ఇంటర్వెల్లో బ్రయొనీ అతని గదికి వెళ్ళింది. కుర్చీ మళ్ళీ ఖాళీ! పడుతూ లేస్తూ వెనక తలుపు దగ్గరికి పరుగెత్తింది. తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో ఫెలిక్స్ నిలబడి వాన చూస్తున్నాడు.

"ఎక్కడికి?" అంది ఆయాసపడుతూ.

"ఎక్కడికీ కాదు. రెండో అంకంలో ఆ పాట ఒంటరిగా పాడాలి కదా. వెళ్ళిపోవాలనే ఉంది, అబద్ధం చెప్పను. అందుకే తలుపు తీశాను, గుమ్మం మాత్రం దాటలేదు."

బ్రయొనీ వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఇందాక నేను నమ్మేశాను, నువ్వు పారిపోయావని" అంది బ్రయొనీ. 'మీరు' ఎక్కడో జారిపోయింది. "నీ మీద నమ్మకంతో తెర ఆపానని అందరూ అనుకుంటున్నారు. నమ్మకం లేదు, గాడిదగుడ్డూ లేదు. క్లైవ్‌ని పంపిస్తే నువ్వు నిజంగా పోయినట్టే అవుతుందని భయపడ్డాను."

"బ్రయొనీ, నువ్వంటే నాకు ప్రాణం."

"ఈ మాట చెప్పేసి మళ్ళీ రైలెక్కితే?"

"భయం రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. ఎక్కాలనిపిస్తే మాత్రం ముందు నీ దగ్గరికొచ్చి చెబుతా. నా మొహం చూసి నువ్వు వెళ్ళమంటే వెళతా."

"నేను చచ్చినా వెళ్ళమనను."

ఫెలిక్స్ చెయ్యి చాచి తలుపు తనే మూశాడు. గడియ పడింది.

"భయంగా ఉందా?" అంది ఆమె.

"చాలా."

"నాకూ" అంటూ అతని చల్లటి చెయ్యి పట్టుకుని తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ చెయ్యి వదలకుండానే రెండో చేత్తో మైకు నొక్కి, రెండో అంకానికి ఒక్కొక్కరినీ పేరు పేరునా పిలిచింది. ఫెలిక్స్ పేరు ఒక్కటే పిలవలేదు.