భగ్నకేతుడి ఇల్లు

కుందనగిరి రాజ్యానికి ఒక వింత ఆపద వచ్చింది. కప్పు వేసిన ప్రతి ఇల్లూ పొద్దు వాలేసరికి కూలిపోయేది. భగ్నకేతుడనే రాక్షసుడి శాపం అది. జనం చెట్ల కింద, బండల చాటున చెల్లాచెదురుగా బతకసాగారు. రాక్షసుణ్ణి చంపినవారికి సేనాధిపతి పదవి ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

యుద్ధంలో మరణించిన ఒక సైనికుడి కూతురు పైడి. కత్తిసాములో ఆమెకు ఎదురులేదు. నా అన్నవాళ్ళూ లేరు. తండ్రి కత్తి నడుముకు కట్టుకుని ఆమె బయలుదేరినప్పుడు, జాగ్రత్త అని చెప్పేందుకు కూడా ఎవరూ రాలేదు.

అడవిలో కూలిన కుటీరం పక్కన వానలో తడుస్తూ ఒక వృద్ధముని కనిపించాడు. పైడి తన పని చెప్పింది.

"అతణ్ణి చంపితే శాపం పోదమ్మా," అన్నాడు ముని. "అతను అడుగుపెట్టినా కూలని ఇల్లు నిలవాలి. అప్పుడే పోతుంది."

సన్యసించక ముందు ఆ ముని వడ్రంగి. మేకు లేకుండా కొయ్యకు కొయ్య అతికించడం ఆమెకు నేర్పాడు. యుద్ధానికి వచ్చి చెక్కలు చెక్కడమేమిటని పైడి మొదట చిన్నబుచ్చుకుంది. కానీ ఒక కొయ్య మరొకదానిలో బిగువుగా కూర్చున్నప్పుడు, ఏ గెలుపులోనూ ఎరగని సంతోషం కలిగింది. వానలు వెలిశాక ముని కొయ్య చెక్కే తన బాడిత ఆమెకిచ్చి పంపాడు.

రాక్షసుడుండే కొండ కింద ఒక టేకుచెట్టు ఆమెను అడ్డగించి, తనను నరికి ఏం చేస్తావని అడిగింది.

"గూడులేనివాడికి గూడు చేస్తాను," అంది పైడి.

చెట్టు తనంతట తానే నేలకు ఒరిగింది.

కొండ మీద భగ్నకేతుడు ఎదురుగాలిలో బోడిరాతి మీద కూర్చుని ఉన్నాడు. అతనికి కూలని ఇల్లు కట్టడానికి వచ్చానంది పైడి. "నేను కాలుపెడితే ప్రతి ఇల్లూ కూలుతుంది. నాకు లేనిది ఎవరికీ ఉండకూడదని శపించాను," అన్నాడు. "కట్టు చూద్దాం."

పైడి కట్టింది. అతను గడప తొక్కగానే ఇల్లు కూలింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ కూలింది. పలకరించే దిక్కులేక ఆమె దుంగలతో మాట్లాడేది. దూలం ఒక కొస ఎత్తితే రెండో కొస జారిపోయేది. ఒకనాడు అలాగే జారిన దూలం పక్కన కూలబడి ఏడ్చింది. రాక్షసుడు దూరం నుంచి చూస్తున్నాడు. పైడి కళ్ళు తుడుచుకుని, "ఊరికే చూడకపోతే వచ్చి ఆ కొస పట్టుకోరాదా?" అంది.

అంతవరకు అతణ్ణి ఎవరూ పనికి పిలవలేదు. భయంభయంగా వచ్చి పట్టుకున్నాడు. వాసాలు ఎత్తాడు, ద్వారబంధం నిలిపాడు. తన చేతులతో కట్టిన ఇంట్లోకి ఊపిరి బిగబట్టి అడుగుపెట్టాడు. ఇల్లు కదలలేదు. రాక్షసుడు గోడకు చెంప ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

శాపం తీరింది. రాజు సేనాధిపతి పదవి ఇవ్వబోతే పైడి వద్దంది. "ఊరంతా ఇళ్ళు లేవాలి, మహారాజా. నాకు ఆ పని చాలు," అంది.

మొదటి ఇల్లు బుట్టలల్లే కొండమ్మకు కట్టింది. గృహప్రవేశం నాడు పైడి అలవాటు కొద్దీ దూరంగా నిలబడింది. కొండమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"కట్టినదానివి నువ్వు బయటుంటే ఎలాగే? ముందు నువ్వు లోపలికి రా. నీకూ పీట వేశాను."